రెండొందల ఒకటో యూనిట్

మే నెలలో బిల్లు కొట్టే అబ్బాయి రేగొండ గల్లీలో అడుగుపెట్టాడంటే, ఆ కబురు అతనికన్నా ముందే చివరి ఇంటికి చేరుతుంది. మెడలో మిషను, చంకలో కాగితపు చుట్టలు. మీటరు కాడ వంగి చూస్తాడు. మిషను కిర్రుమంటుంది.

"అక్కా, నూట తొంభై రెండు. జీరో."

"సల్లగుండు బిడ్డా."

పక్కింటి గడపలో నిలబడ్డామెకు అప్పటికే గుండె దడ.

"మీది రెండొందల ఏడొచ్చిందక్కా."

"గా ఏడు వచ్చే నెలల కలుపరాదు బిడ్డా. ఏడే గదా!"

"నా చేతుల ఏముందక్కా, మిషను ఎంత కొడితే గంత."

రెండిళ్ల వాడకంలో తేడా 15 యూనిట్లు. బిల్లులో తేడా ₹1,073.90. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం దీని మీద అదనం. పత్తి ఏరబోయే ఆడమనిషికి ఇది రెండు మూడు రోజుల రెక్కల కష్టం.

ఇలాంటి సంభాషణలు తెలంగాణలో ఏ ఊళ్లోనైనా వినిపిస్తాయి. రేగొండలో వింటే మాత్రం ఇంకో సంగతి కూడా గుర్తొస్తుంది. ఇక్కడి నుంచి భూపాలపల్లి రోడ్డు పట్టుకుని పోతే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడతాయి. 2010లో మొదలైన 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 2016లో దానికి తోడొచ్చిన 600 మెగావాట్లది ఇంకొకటి. ఇంకొంచెం ముందుకు పోతే సింగరేణి గనులు. బొగ్గు ఇక్కడిదే, బూడిద ఇక్కడే పడుతుంది, ఎండాకాలం వేడి సరేసరి. కంపెనీ క్వార్టర్లలో ఉండేవారికి కరెంటు బిల్లు దిగులు లేదు. గేటుకు ఇవతల రేకుల ఇంట్లో ఉండేవారికి మాత్రం రెండొందలనేది లక్ష్మణరేఖ.

రేగొండను పట్నం అనలేం, పల్లె అనీ అనలేం. జనాభా లెక్కల వాళ్లు ఒక ఊరిని పట్టణమని రాసుకోవాలంటే కనీసం 5,000 మంది జనం, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో ముప్పావు వంతు మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలంటారు. మండల కేంద్రాలు ఆ గీతకు అటో ఇటో ఊగుతుంటాయి. బతుకు మాత్రం గీత ఎప్పుడో దాటేసింది. కిరాయి గదులు, ఒక్క మీటరు కింద మూడు పోర్షన్లు, రోడ్డువారన టీ కొట్టు, వెనక గదిలో కాపురం. పట్నం పేదరికానికి ఉండే గుర్తులన్నీ ఇక్కడున్నాయి. కట్టెలు ఏరుకోవడానికి చెలక మాత్రం దగ్గర్లోనే ఉంది, అంతే తేడా.

ఒక్క యూనిట్ ఖరీదు

2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడ సభలో కాంగ్రెస్ ప్రకటించిన ఆరు గ్యారంటీల్లో గృహజ్యోతి ఉంది. ఆ డిసెంబర్ 28 నుంచి జనవరి 6 దాకా ప్రజాపాలన కౌంటర్ల ముందు జనం బారులు తీరి దరఖాస్తులిచ్చారు. 2024 ఫిబ్రవరి 27న పథకం మొదలైంది, మార్చి నుంచి జీరో బిల్లులు చేతికొచ్చాయి. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. ఈ 'దాకా'లోనే ఉంది కిటుకంతా. రెండొందలు దాటితే, దాటిన వాటికి కాదు, మొత్తానికీ కట్టాలి.

దీని వెనక 2022 ఏప్రిల్‌లో సవరించిన స్లాబుల లెక్క ఉంది. వంద లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు ₹1.95 చొప్పున, మిగతావి ₹3.10 చొప్పున. రెండొందల లోపు ఇంటికి మొదటి వంద ₹3.40, తర్వాతి వంద ₹4.80. రెండొందలు దాటిందా, మొదటి యూనిట్ నుంచే ₹5.10, రెండొందల పైన వాడినదానికి ₹7.70 నుంచి మొదలు. పథకం లేని ఇంట్లో 200 యూనిట్లు కాలితే ₹820, 201 కాలితే ₹1,027.70. అంటే ఆ చివరి యూనిట్ ఖరీదు ₹207.70. పథకం ఉన్న ఇంట్లో 200కు సున్నా, 201కి ₹1,027.70. చంద్రమండలం మీద కరెంటు అమ్మినా యూనిట్‌కు ఈ రేటు ఉండదేమో.

రెండొందలు తక్కువేం కాదు కదా, పేదింట్లో అంత ఎందుకు కాలుతుందని హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్న మిత్రుడొకాయన నన్ను అడిగారు. కాగితం మీద లెక్క వేద్దామన్నాను. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రేకుల ఇంట్లో మే నెలలో ఫ్యాను ఆపేదే ఉండదు. రోజంతా తిరిగితే నెలకు 54 యూనిట్లు. రెండు గదులు, రెండు ఫ్యాన్లు, 108. చిన్న ఫ్రిజ్ 30, టీవీ ఒక 15. ఇక 200 వాట్ల కూలర్ రోజుకు 12 గంటలు నడిస్తే 72. మొత్తం 225. బల్బులు లెక్కలో లేవు, బియ్యం కుక్కర్ లేదు, మోటరు లేదు. విలాసమెక్కడుందో చెప్పమంటే ఆయన మాట మార్చారు. రేకుల కింద పసిపిల్లలో ముసలివాళ్లో ఉన్న ఇంట్లో కూలర్‌ను విలాసమనడానికి నాకైతే నోరు రాదు.

చలికాలంలో అదే ఇల్లు 80, 90 దాటదు. అంటే ఏడాదిలో ఏడెనిమిది నెలలు పథకం పట్టించుకోవాల్సినంత ఖర్చే ఉండదు. అసలు అవసరమున్న రెండు మూడు నెలల్లో చెయ్యి వదిలేస్తుంది. వానాకాలంలో గొడుగిచ్చి, వాన గట్టిగా పట్టగానే లాక్కున్నట్టు.

ఇంకో లెక్క కూడా చూడాలి. 50 యూనిట్లు కాల్చే ఇంటికి గృహజ్యోతి వల్ల ఆదా అయ్యేది, చిల్లర చార్జీలు పక్కనపెడితే, ₹97.50. 200 కాల్చే ఇంటికి ₹820. ఎంత ఎక్కువ సామాను ఉంటే అంత ఎక్కువ సాయం. ఇక ఎస్సీ, ఎస్టీ ఇళ్ల సంగతి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లకు 50 యూనిట్ల దాకా ఉచితమన్నారు, తెలంగాణ వచ్చాక దాన్ని 101 చేశారు. వాడలో, తండాలో 90 యూనిట్లతో సరిపెట్టుకునే ఇంటికి గృహజ్యోతి కొత్తగా తెచ్చిందేమీ లేదు. అప్పుడూ సున్నానే, ఇప్పుడూ సున్నానే. గెలిచింది దానికి ఒక మెట్టు పైనున్న ఇల్లు. అది తప్పని అనను, ఆ మెట్టు మీదున్నవాళ్లూ పేదలే. కానీ "పేదలందరికీ" అనే మాట వినబడినప్పుడు ఏ పేదలో చూసుకోవాలి.

గాసునూనె నుంచి గ్యాసు దాకా

మా చిన్నప్పుడు కిరోసిన్‌ను గాసునూనె అనేవాళ్లం. ఇంటికి గ్యాసు రాకముందే మాటలోకి వచ్చేసింది. నెలకోసారి కంట్రోలు దుకాణం ముందు నీలం నూనె కోసం డబ్బాలను వరసలో పెట్టి, మనుషులు చెట్టు నీడన కూర్చునేవాళ్లు. డబ్బా వరస తప్పితే కొట్లాటలే. ఆ నూనె సగం కందిలికి, సగం స్టవ్వుకు. స్టవ్వు పిన్నుతో పొడిచి పొడిచి వెలిగించేసరికి అన్నం కన్నా ముందు అమ్మ సహనం ఉడికిపోయేది.

ఒక మాట చెప్పాలి. ఆ నూనెను అర లీటరో పావో కొనుక్కోవచ్చు. కట్టెలూ అంతే, చేతిలో ఎంతుంటే అంతకు ఒక మోపు. గ్యాసు బండతో ఆ వీలు పోయింది. 14.2 కిలోలు ఒక్కసారే కొనాలి, డబ్బంతా ఒక్కసారే ఇవ్వాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల మహిళలకు కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. కేంద్రం ఉజ్వల పేరుతో దేశమంతా ఇదే పని మొదలుపెట్టింది 2016 మే 1న, అంటే పదిహేడేళ్ల తర్వాత. రెండు పథకాలూ స్టవ్వును ఇంటికి చేర్చాయి. రెండో బండ, మూడో బండ ఎవరు తేవాలన్నది ఇంటావిడకే వదిలేశాయి. దీపం స్టవ్వు మీద పూలగుడ్డ కప్పి, దసరాకు సున్నం వేసేటప్పుడు మాత్రమే తుడిచిన ఇళ్లు వరంగల్ పల్లెల్లో చాలానే చూశాను.

ఆ తర్వాత సబ్సిడీ ఇచ్చే పద్ధతి మారింది. 2012లో ఏడాదికి ఆరు బండలే అన్నారు, గోల లేస్తే తొమ్మిది, 2014లో పన్నెండు. 2015 జనవరి 1 నుంచి దేశమంతటా డీబీటీ. బజారు ధర మొత్తం ముందు కట్టాలి, సబ్సిడీ తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. దొంగ కనెక్షన్లు తగ్గాయి, ఆ మేరకు మంచిదే. 2020 మే వచ్చేసరికి ఆ ఖాతాలో పడేది దాదాపు సున్నా అయింది. చప్పుడు లేకుండా పోయింది. ధర పెంచితే ధర్నాలు జరుగుతాయి గానీ, బ్యాంకులో పడాల్సింది పడకపోతే ఎవరు ఎక్కడ ధర్నా చేస్తారు?

ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ మహాలక్ష్మి పథకం కింద ₹500కే బండ. అది కూడా గృహజ్యోతితో పాటే మొదలైంది. గోడల మీది పోస్టర్లో అంకె ₹500. బండ దింపే అబ్బాయి చేతిలో పెట్టాల్సింది మాత్రం పూర్తి ధర. 2025 ఏప్రిల్‌లో ₹50 పెరిగాక హైదరాబాద్‌లో అది ₹905 అయింది, వరంగల్ వైపు రవాణా కలిసి ఇంకొంచెం ఎక్కువ. పైన మెట్లెక్కినందుకో ఎండలో వచ్చినందుకో ముప్పయ్యో యాభయ్యో. మిగతా సొమ్ము తర్వాత ఖాతాలో పడుతుంది. ఎన్ని బండలకు ఇస్తారన్నది గత మూడేళ్లలో మీరు సగటున ఎన్ని వాడారన్న దాన్ని బట్టి. డబ్బుల్లేక ఏడాదికి మూడు బండలతో గడిపినామెకు ఆ మూడింటికే రాయితీ. ఉపవాసం ఉన్నామెను చూసి, నీకు ఆకలి తక్కువమ్మా, గరిటెడు చాలు అన్నట్టు లేదూ?

ఈ కథనం కోసం తిరుగుతున్నప్పుడు ఒకావిడ అన్న మాట నా పుస్తకంలో రాసుకున్నాను. "ఐదొందలకు బండ అంటున్నరు సారూ, ఆ ఐదొందలు ఇయ్యాల ఉంటే గదా, వెయ్యి ఎక్కడికెల్లి తెచ్చేది?" రోజు కూలి మీద నడిచే ఇంట్లో ఏడాది మొత్తం మీద ఎంత ఆదా అయిందన్న లెక్క ఎవరూ వేయరు. ఈ పూట చేతిలో ఎంతుందన్నదే లెక్క. పథకాలు రాసేవాళ్లు నెలజీతం మీద బతికేవాళ్లు. ఒకటో తారీకు ఖర్చు, పదో తారీకు తిరిగి జమ అంటే వాళ్లకు రెండూ ఒకటే. కూలి మనిషికి ఆ నడుమ తొమ్మిది రోజులు చిట్టీ వడ్డీనో కిరాణా అప్పో అవుతాయి.

ఈ చిక్కుకు లోకంలో కొందరు దారులు వెతికారు. ఇండోనేషియా 2007లో కిరోసిన్ మాన్పించి జనాన్ని గ్యాసుకు మళ్లించినప్పుడు మూడు కిలోల చిన్న ఆకుపచ్చ బండలు పంచింది. చూడ్డానికి గుండ్రంగా ఉంటాయని అక్కడ వాటిని మెలన్ అంటారు. ఆడమనిషి ఒంటి చేత్తో మోసుకుపోవచ్చు, ఖర్చూ ఒక్కసారి మీద పడదు. నైరోబీ బస్తీల్లో బండకే మీటరు బిగించి ఇస్తున్నారు. ఫోన్ నుంచి కొద్ది షిల్లింగులు పంపితే అంత గ్యాసే వస్తుంది, ఒక పూట చాయ్‌కి సరిపడా కూడా. మన దగ్గరా ఐదు కిలోల బండ ఉంది గానీ, రేగొండ లాంటి చోట దాన్ని ఎవరు వాడుతున్నారని అడిగితే సమాధానం కోసం చాలా ఇళ్లు తిరగాలి.

మీటరు ఎవరిది?

కిరాయిదార్లకూ గృహజ్యోతి వర్తిస్తుందని ప్రభుత్వం మొదట్లోనే చెప్పింది. నిజమే, విడి మీటరుంటే. మూడు పోర్షన్లకు ఒక్క మీటరు ఉన్న చోట ఏమవుతుంది? ఒక్కో కుటుంబం నెలకు 80 కాల్చినా మీటరు 240 చూపిస్తుంది. విడివిడిగా ముగ్గురూ సున్నా బిల్లు మనుషులే, కలిపితే పై స్లాబు. ఇంటాయన లోపల సబ్‌మీటర్లు పెట్టి యూనిట్‌కు ఎనిమిదో పదో వసూలు చేస్తాడు. ఆయన్ని తిట్టీ లాభం లేదు, ఆయనకు వచ్చేదీ పెద్ద బిల్లే. కానీ ఊరు మొత్తం మీద యూనిట్‌కు అందరికన్నా ఎక్కువ కట్టేది ఎవరో గమనించండి. ఒక గది, ఒక ఫ్యాను, ఒక బల్బు ఉన్న కిరాయి మనిషి.

కార్డు సంగతీ ఇంతే. పెళ్లయి వేరుపడ్డ కొడుకు కోడలు కొత్త రేషన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. పాత కార్డు తల్లిదండ్రుల ఇంటి మీటరుకు ముడిపడి ఉంది, ఒక కార్డుకు ఒకటే మీటరు. 2025లో కొత్త కార్డులు ఇవ్వడం మొదలై, జూలై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ముఖ్యమంత్రి పంపిణీ చేశాక కొందరికి దారి దొరికింది. అప్పటిదాకా కట్టినవన్నీ కట్టినట్టే.

ఇంటి ముందు గదిలో టీ కొట్టు పెట్టుకున్నామెది మరో రకం. పట్నం పేదకు ఇల్లే దుకాణం, దుకాణమే ఇల్లు. తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని వాణిజ్య కేటగిరీలో వేస్తే యూనిట్ ₹7 నుంచి మొదలవుతుంది, జీరో బిల్లు మాట అక్కడితో సరి. మంగలి షాపులకు, లాండ్రీలకు 2021 ఏప్రిల్ నుంచి 250 యూనిట్ల ఉచితం ఉంది. మిర్చిబజ్జీల బండామెకు, కుట్టుమిషను పెట్టుకున్నామెకు అలాంటి పథకం రాలేదు. కులవృత్తికి పేరుంది, ఆడవాళ్ల చేతిపనికి పేరు లేదు. (ఈ వాక్యం రాశాక మా ఇంట్లో ఒకరికి చదివి వినిపించాను. "ఇప్పుడు తెలిసిందా?" అన్నారు.)

ఇదంతా చదివి ఉచితాలే తప్పని తీర్మానించే పెద్దలుంటారు. వాళ్లకు 2000 ఆగస్టు 28ని గుర్తు చేయాలి. చార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో సాగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. సంస్కరణల పేరుతో ఉన్నఫళాన భారం మోపితే ఏమవుతుందో ఆ రోజు రాష్ట్రం చూసింది. అలాగని ఖజానాకు అడుగు లేదనుకోవడమూ అమాయకత్వమే. 2023 డిసెంబర్‌లో శాసనసభలో పెట్టిన శ్వేతపత్రం విద్యుత్ సంస్థల అప్పులు ₹81,516 కోట్లని చెప్పింది. హన్మకొండలో కూర్చున్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు జీరో బిల్లుల సొమ్ము ప్రభుత్వం నుంచి వేళకు రాకపోతే, ఆ నొప్పి చివరికి మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తేలుతుంది. కాలిపోయినదాన్ని మార్చడానికి నాలుగు రోజులు పడుతుంది, నడుమ ఊరు చీకట్లో ఉంటుంది.

దక్షిణాఫ్రికాలో 2003 నుంచి పేద ఇళ్లకు నెలకు 50 యూనిట్లు ఉచితం. యాభై ఒకటో యూనిట్‌కు ఆ ఒక్కదాని ధరే, వెనకటి యాభై లాక్కోరు. తమిళనాడులో 2016 నుంచి రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు అందరికీ ఉచితం. 101 కాల్చినా ఆ వంద పోదు. మనకూ ఆ పని పెద్ద కష్టమేమీ కాదు. మెట్లు కట్టాల్సిన చోట బావి తవ్వుకున్నాం, అంతే. రెండొందలకు బదులు మొదటి నూటయాభై ఉచితమని, ఆపైన వాడినదానికే కట్టమంటే ఖజానా మునగదు, రేకుల ఇంట్లో కూలరూ ఆగదు. ఒక పార్టీకి పోస్టర్ మీద అంకె చిన్నదవుతుంది, నష్టం అదొక్కటే.

ఈ లోపు ఊళ్లో మనుషులు తమ సొంత సంస్కరణలు తాము చేసుకుంటున్నారు. చలికాలంలో మీటరు వందలోపే ఉంటుంది కాబట్టి మిగిలిన ఉచిత కరెంటు మీద అన్నం వండేస్తున్నారు. 700 వాట్ల కుక్కర్ పూటకు అరగంట చొప్పున రెండు పూటలు పెడితే నెలకు 21 యూనిట్లు. ఇది చిన్న విషయం కాదు. ఒక గ్యాసు బండతో అయ్యే వంటను ఇండక్షన్ పొయ్యి మీద చేయాలంటే నా లెక్కలో 120 యూనిట్లకు అటూ ఇటూ అవుతుంది. 90 కాల్చే ఇంటికి ఇంకా 110 ఉచితంగా ఉన్నాయి. అంటే నెలకు దాదాపు ఒక బండ, చేతి నుంచి ముందుగా ₹900 తీయకుండానే. రెండు వేర్వేరు శాఖలు రాసిన రెండు పథకాలను ఇంటావిడ వంటింట్లో కలిపి కుట్టేసింది. ఫ్యాను విషయంలోనే ఆమెకు సాయం కావాలి. 30 వాట్లతో తిరిగే కొత్త రకం ఫ్యాను నెలకు 22 యూనిట్లే తాగుతుంది, రెండు మారిస్తే 64 మిగులుతాయి. పైన లెక్క వేసిన 225 యూనిట్ల ఇల్లు 161కి దిగుతుంది. ఎల్ఈడీ బల్బుల సంగతి గుర్తుందా? 2014లో ప్రభుత్వ సంస్థ ఒక్కోటి ₹310కి కొన్నది, కోట్లలో కొనేసరికి రెండు మూడేళ్లలో ₹38కి దిగింది. ఫ్యాన్ల విషయంలో అలాంటి బేరం ఎవరైనా ఆడితే చాలా మే నెలలు గట్టెక్కుతాయి.

సాయంత్రం ఇంకో గల్లీకి వెళ్లాను. మీటరు పక్కన సున్నపు గోడ మీద బొగ్గుతో అంకెలు రాసి ఉన్నాయి. పైన 4312, పోయిన నెల రీడింగు. కింద వరసగా మూడు నాలుగు రోజులకొకటి. అన్నిటికన్నా కింద ఆ పొద్దుటిది, 4483. బిల్లు అబ్బాయి వాళ్ల వైపు రావడానికి ఇంకా ఆరు రోజులుంది. ఇంటావిడ వేళ్ల మీద ఏదో లెక్క కట్టుకుంది.

"ఇరవై తొమ్మిది ఉన్నయి. రోజుకు ఐదు గూడ రావు" అంది. లోపల మంచం మీద ముసలాయన కూలర్ గాలికి కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఆమె అటు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"రాత్రి రెండయినంక బంద్ జేస్త. అప్పటికి ఆయనకు నిద్ర వడ్తది, ఎరుక గాదు."

వాకిట్లో గ్యాసు బండ మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన పత్తికట్టె మోపు, వానకు తడవకుండా పాత ఫ్లెక్సీ కింద.